మామయ్యగారి బస్సు

గోడ మీద పడ్డ సాంబారు ఆరకముందే తుడిచెయ్యాలి. ఆరిందంటే ఎంత తోమినా మరక పోదు, రంగు మాత్రం ఊడి వస్తుంది. ఈ జ్ఞానం కిరణ్మయికి ఈమధ్యే అబ్బింది. సెక్షన్ ఆఫీసరుగా పార్లమెంటు ప్రశ్నలకు జవాబులు తయారుచేసే మనిషి, ఇప్పుడు ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లో తడిగుడ్డ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. గిన్నె విసిరిన చెయ్యి ఇంకా దించకుండా మామగారు త్యాగరాజు నిలబడి ఉన్నాడు.

"ఎవత్తివే నువ్వు? నా ఇంట్లో దూరి ఏం ఎత్తుకుపోదామనే?"

మూసిన తలుపు వెనక నుంచి భర్త రాజీవ్ గొంతు వినిపించింది. "కిరణ్, నాన్నని కాస్త చూడు. కాల్‌లో ఉన్నాను."

రాజీవ్ కంపెనీ గుర్గావ్‌లో ఉంది. అతను మాత్రం వారంలో చాలా రోజులు ఇంట్లోనే ఉంటాడు. ఇంట్లో అంటే, గది తలుపేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని. తండ్రికి మతిమరుపు జబ్బు ముదిరి, మనుషుల మీద చెయ్యి చేసుకునే దాకా వచ్చినప్పుడు, ఇంట్లో ఉన్న కొడుకు ఇంట్లోనే ఉండగా, ఆఫీసుకు వెళ్ళే కోడలు సెలవు పెట్టింది. ఇందులో వింతేమీ ఎవరికీ కనిపించలేదు. ఉన్న సెలవంతా కరిగిపోయింది. అండర్ సెక్రటరీ ప్రమోషన్ దగ్గరపడుతున్న వేళ ఆమె సీట్లో ఇంకెవరో కూర్చున్నారు. ఢిల్లీ ఎండల్లో కూడా ఆమె పొడుగు చేతుల జాకెట్లే వేసుకుంటోంది. స్నానం చేయిస్తుంటే మామగారు గీరిన గోళ్ళ గుర్తులు పక్కింటివాళ్ళ కంట పడకూడదు కదా! ఒకసారి జుట్టు పట్టుకుని గుంజితే నల్లా చివర నుదురు తగిలి నెత్తురొచ్చింది. రాజీవ్ వచ్చి చూసి, "ఆయన జబ్బు అది, మనసులో పెట్టుకోకు" అని చెప్పి, దూది ఎక్కడుందో తెలియక, కాసేపు వెతికినట్టు చేసి వెళ్ళిపోయాడు.

జబ్బు మనిషి మీద ఆమెకు కోపం లేదు. ఆయనకు తను ఎవరో తెలియదు, తనేం చేస్తున్నాడో తెలియదు. అన్నీ తెలిసిన వాళ్ళను చూస్తేనే ఆమెకు ఒళ్ళు మండేది. డాక్టరు "పేషంటును చూసుకునేదెవరు?" అని అడిగితే, రాజీవ్ ఛాతీ విరుచుకుని "మేమే డాక్టర్" అన్నాడు. ఆ "మేము"లో తన వాటా ఎంతో ఆ మహానుభావుడికే తెలియాలి. పనికి పెట్టుకున్న అటెండెంటు, చెయ్యి కొరికించుకుని మానేస్తే, "పోనీలే, బయటివాళ్ళ చేతుల్లో పెడితే నాన్న మనసు నొచ్చుకుంటుంది" అన్నాడు. ఎంత సున్నితమైన హృదయం! వైజాగ్ నుంచి ఆడపడుచు భానుమతి వీడియోలో కళ్ళొత్తుకుంటూ, "నాన్న నీ చేతి అన్నమే తింటాడు, పుణ్యాత్మురాలివి కిరణ్" అంటుంది. ఆవిడకు పుణ్యం మీద అంత మోజుంటే రైలెక్కి రావచ్చు. అడ్డుపడ్డవాళ్ళెవరూ లేరు.

ఇలా రోజూ సాయంత్రమవుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు గొడవ. "ఇంటికెళ్ళాలి, చార్టర్డ్ బస్సు వెళ్ళిపోతోంది" అని త్యాగరాజు తలుపులు బాదుతాడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం సెక్రటేరియట్ దగ్గర, ఉద్యోగుల కోసం నడిచే ఆ బస్సెక్కి ఇంటికొచ్చిన మనిషి. ఇదే మీ ఇల్లని చెప్పినకొద్దీ రెచ్చిపోతాడు. కొన్నాళ్ళు తన్నులు తిన్నాక కిరణ్మయి ఒక ఉపాయం కనిపెట్టింది. ఆయనకు బూట్లు తొడిగి, పాత ఆఫీసు సంచీ భుజానికి తగిలించి, కాలనీ గేటు దగ్గరున్న స్టాపుకు తీసుకెళ్ళి నిలబెడుతుంది. తనూ ఆఫీసు మనిషిలా పక్కన నిలబడుతుంది. పొద్దున ఎవత్తివే అన్న నోరే, "మేడమ్, మీరు కూర్చోండి, ఆడవాళ్ళు ఎంతసేపని నిలబడతారు" అంటుంది. కోడలిగా ఇన్నేళ్ళలో దొరకని మర్యాద ఆ స్టాపులో దొరికింది. కాసేపయ్యాక, "ఇవాళ బస్సు రాదట త్యాగరాజుగారూ, నడిచిపోదాం రండి" అని కాలనీ చుట్టూ తిప్పి ఇంటికి తెస్తుంది. తలుపు మీద తన పేరు చూసుకుని ఆయన స్థిమితపడతాడు.

ఆ పేరు బోర్డు ఆయన పాత క్వార్టర్ది. ఇల్లు మారినప్పుడు సామానుతో పాటు అదీ వచ్చింది. "పెద్దాయన ఉండగా మన పేరెందుకు" అని రాజీవే దాన్ని బిగించాడు.

ఒక ఆదివారం భానుమతి వీడియోలోకి వచ్చింది. అక్కాతమ్ముళ్ళు ముందే మాట్లాడుకున్నారని వాళ్ళ మొహాలే చెబుతున్నాయి.

"నువ్వు వీఆరెస్ తీసేసుకో కిరణ్" అన్నాడు రాజీవ్. "పెన్షనొస్తుంది. నాన్నకీ నిశ్చింత."

"ఏం, ఉద్యోగం చేసి ఊళ్ళేలాలా ఏంటి" అని భానుమతి నవ్వింది. "ఇల్లు చూసుకుంటే చాలదా?"

కిరణ్మయి వాళ్ళిద్దర్నీ చూసింది. ఇద్దరూ ఈ ఆర్.కె. పురంలోనే, తండ్రికిచ్చిన క్వార్టర్లో పుట్టి పెరిగారు. సర్కారు ఇల్లంటే వాళ్ళకు గాలీ నీరూ లాంటిది, అడగకుండానే ఉంటుంది.

"సరేనండీ, పెడతాను. మరి ఇల్లెక్కడ చూశారు?"

"ఇల్లేంటి?" అన్నాడు రాజీవ్.

"ఈ క్వార్టర్ నాకిచ్చింది. ఉద్యోగం వదిలితే కొన్నాళ్ళకి ఖాళీ చెయ్యాలి. మీ కంపెనీ ఇస్తుందా?"

వీడియోలో భానుమతి నవ్వు ఆపి, కళ్ళొత్తుకునే చెంగుతో మూతి తుడుచుకుంది. రాజీవ్ ఇన్నేళ్ళుగా భార్య ఇంట్లో ఉంటూ, ఆమెను తన ఇంట్లో ఉంచుకున్నాననుకున్న మనిషి. నిమిషం తిరక్కుండా అక్కాతమ్ముళ్ళ నిర్ణయం మారిపోయింది.

"అబ్బే, అయితే వద్దొద్దు! ఉద్యోగం పోగొట్టుకోవడమేంటి?" అంది భానుమతి.

"జీతం లేకుండా సెలవు పెట్టు పోనీ" అన్నాడు రాజీవ్.

ఆమె నుదుటి మీద మచ్చ వాళ్ళ మనసు మార్చలేదు. రెండు గదుల క్వార్టర్ మార్చింది. వీళ్ళ కోసమా తను ఇంతకాలం ఏడ్చింది! కిరణ్మయికి జాలి కూడా వెయ్యలేదు, అసహ్యం వేసింది.

"సెలవు పెట్టను. రేపు జాయినవుతున్నానని ఆఫీసుకు చెప్పేశాను. మీరు ఇంట్లోనే ఉంటారుగా. అటెండెంటును పెట్టుకుంటారో, మీరే చూసుకుంటారో మీ ఇష్టం. సాయంత్రం మాత్రం బూట్లు వెయ్యాలి, చెప్పులు కాదు. సంచీ మర్చిపోకండి. నేను మీ కొడుకునని మాత్రం అనకండి, ఆయనకి భయమేస్తుంది."

రాజీవ్ ఫోన్ చూసుకుంటూ తలూపాడు.

మర్నాడు సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి వచ్చి గేటు దగ్గర ఆటో దిగేసరికి స్టాపు ముందు నలుగురు చేరి ఉన్నారు. త్యాగరాజు కాళ్ళకు చెప్పులున్నాయి. భుజాన సంచీ లేదు. రాజీవ్ చొక్కా కాలరు చిరిగి వేలాడుతోంది. "నాన్నా, నేను నీ కొడుకుని! రాజీవ్‌ని!" అని అరుస్తున్నాడు.

ఆమెను చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు చెయ్యి చాపి చూపించాడు. "చూడు కిరణ్, గోళ్ళతో ఎలా గీరేశాడో!"

"ఆయన జబ్బు అది, మనసులో పెట్టుకోకండి."

త్యాగరాజు కొడుకు చెయ్యి విదిలించుకుని ఆమె దగ్గరికొచ్చాడు. "చూశారా మేడమ్, ఎవడో వీడు, ఇందాకట్నుంచీ నన్ను పట్టుకు లాగుతున్నాడు."

కిరణ్మయి తన ఆఫీసు సంచీ తీసి ఆయన భుజానికి తగిలించింది.

"కంగారుపడకండి త్యాగరాజుగారూ. మన సెక్షన్లో ఇవాళే చేరాడు. పని ఇంకా ఒక్క ముక్కా రాదు."