యజమాని ముక్కు

కారం మిల్లులో చేరిన మూడో వారానికి అక్క ముక్కు కుళాయి అయిపోయింది. తుమ్ము మీద తుమ్ము, ఊపిరాడనంత వాపు. "జల్లెడ పట్టలేనండీ, సంచులు కుట్టే బల్ల దగ్గర కూర్చుంటాను" అని అడిగితే, యజమాని డాక్టరు కాగితం తెమ్మన్నాడు. తెచ్చింది. చేతి మీద సూదులు గుచ్చి చూసి, ఎలర్జీ లేదని రాశారు అందులో.

"అదిగో! ఏమీ లేదట. అంతా నాటకం!" అన్నాడతను అందరి ముందూ. "ముప్పై ఏళ్లుగా ఇదే గాలి పీలుస్తున్నా. ఒక్కసారి తుమ్మానా? రేపు జల్లెడ పట్టు, లేదంటే ఇంటికి పో."

సాయంత్రం అక్క ఆ మాట చెబుతుంటే చెల్లికి ఒళ్లు మండిపోయింది. నలుగురిలో నోరు విప్పని పిల్ల, అప్పటికప్పుడే అక్క చెయ్యి పట్టుకుని ఆ కాగితం రాసిన డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. "ఏమీ లేకపోతే మా అక్క అబద్ధాలాడుతోందా?" అని అడిగేసింది, గోడకేసి చూస్తూ.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఎలర్జీ లేదన్నాను గానీ బాధ లేదనలేదమ్మా. ముక్కు లోపలి పొరలో సన్నని నరాలుంటాయి. వాటి కొసల్లో న్యూరోపెప్టైడ్లని కొన్ని పదార్థాలు నిల్వ ఉంటాయి. కారం తగలగానే నరాలు వాటిని వదులుతాయి. దాంతో పొర ఉబ్బుతుంది, నీరు కారుతుంది. అది చేతి మీద సూది గుచ్చితే తెలుస్తుందా?"

"మరి ఆయనకేం కాదేం?"

"రోజూ కారం తగిలి తగిలి ఆ నరాలు మొద్దుబారి ఉంటాయి. నిల్వ ఖాళీ అయి ఉంటుంది."

అక్క సంగతంతా ఆవిడ ఇంకో కాగితం మీద రాసిచ్చింది.

మర్నాడు అక్కాచెల్లెళ్లిద్దరూ మిల్లుకి తెచ్చిన ఆ కాగితం సగం చదివి, యజమాని చిటికెడు కారం తీసి గట్టిగా పీల్చాడు. కన్నయినా చెమర్చలేదు. "చూశావా పిల్లా? ఇదీ గట్టి ముక్కంటే!"

"గట్టిది కాదండీ," అంది చెల్లి. "ఖాళీది."

జల్లెడలు ఆగిపోయాయి. "మావి ఇంకా ఖాళీ అవలేదు బాబూ," అంటూ ఓ పెద్దావిడ ముక్కుకి తువ్వాలు చుట్టుకుంది. అందరూ గొల్లున నవ్వారు.

యజమాని మొహం అతని సరుకు రంగుకి తిరిగింది. "పో, ఆ బల్ల దగ్గరే కూర్చుని ఏడు!" అన్నాడు అక్కతో.

"చాలా థాంక్సండీ," అనబోయింది అక్క. చెల్లి ఆమె మోచెయ్యి గిల్లింది.

"థాంక్స్ ఎందుకే? నాటకమన్న మాట వెనక్కి తీసుకున్నాడా?"