గులాబీ చుక్క నత్త

బడి గోడమీది నత్తల డిప్పలకు పిల్లలు తలా ఒక రంగు చుక్క పెట్టి, మైదానం అవతల వదిలారు. తమ చోటికి తిరిగొస్తాయో లేదో చూడాలట. ఆ చుక్క కోసం మా ఇంట్లో అన్నట్టు ఒక ఇంటి చిన్నది, చనిపోయిన అక్క గోళ్లరంగు ఎత్తుకెళ్లింది. మర్నాటికి అన్నీ గోడకు చేరాయి, దాని గులాబీ చుక్క నత్త తప్ప.

సంగతి తెలిసి అమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "అక్క సీసా ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా!"

"ఎంత దూరం వదిలినా ఇల్లు వెతుక్కుంటూ వస్తాయని టీచర్ చెప్పిందమ్మా."

ఆ రాత్రి అమ్మ వీధి తలుపుకు గడియ పెట్టకుండానే పడుకుంది.

తెల్లారేసరికి గడప దాటి ఒక జిగట చార, మెరుస్తూ అక్క మంచం మీదికి పాకి ఉంది. తిరిగెళ్లిన చార లేదు. చిన్నది దుప్పటి ఎత్తబోయింది.

"లేపకే," అంది అమ్మ మెల్లగా. "ఇప్పుడే నిద్రపోయింది."