నల్లబంతి చోట గడ్డి

లింగమూర్తి రోజూ పొద్దున్నే నల్లగండ్ల నుంచి సైకిలు మీద క్లబ్బుకొచ్చి, స్నూకర్ బల్ల మీది పచ్చగుడ్డను దువ్వి ఇస్త్రీ చేసేవాడు. దానికంటే ముందు గడ్డి కోసేవాడు. బల్ల మీద నల్లబంతి పెట్టే చుక్క దగ్గర రోజూ పిడికెడు గడ్డి మొలిచేది మరి. ఇంటికి తీసుకెళ్తే అతని భార్య బుచ్చమ్మ మేకకు వేసేది.

"ఇయ్యాల జర ముదిరిందేంది?" అనేది, అంతే.

ఆ గడ్డి పందొమ్మిది వందల నలభై ఏడులో జరిగిన ఛాంపియన్‌షిప్ ఫైనల్ మర్నాటి నుంచి మొలుస్తోంది. ఆటే బతుకుదెరువైన వాళ్ల పోటీ అది. గెలిచినవాడిని పెద్ద పోటీలకు బొంబాయి పంపేవారు. ఆ ఫైనల్ చివరికి బల్ల మీద నల్లబంతి ఒక్కటే మిగిలింది. రామచంద్రం వంగి కొట్టబోతుంటే కోటు చెయ్యి బంతికి తగిలింది. తగిలితే ఫౌల్, అప్పుడు కప్పు ఎదురాడుతున్న వీరేశానిది. అది చూసింది పాయింట్లు చెప్పే మార్కర్ లింగమూర్తి ఒక్కడే. కానీ వీరేశం అతని ఊరివాడు. చెబితే ఊరోడికి కొమ్ముకాశాడంటారని నోరు మెదపలేదు, పెద్ద నిజాయితీపరుడిలా. రామచంద్రం బొంబాయి వెళ్లాడు. ఓడిన వీరేశం రాళ్ల క్వారీలో సమ్మెట పట్టాడు.

నలభై ఎనిమిదిలో గలాటాల వల్ల పోటీ జరగలేదు. నలభై తొమ్మిది ఫైనల్‌కు మళ్లీ ఆ ఇద్దరే మిగిలారు. ఆ పొద్దున కాయలు కాచిన వేళ్లతో వీరేశం కర్రకు సుద్ద రాసుకోవడం చూశాక, లింగమూర్తికి కత్తెర ఆడలేదు. సిగ్గుతో గడ్డి అలాగే వదిలేశాడు.

మళ్లీ నల్లబంతి ఒక్కటే మిగిలింది. రామచంద్రం కొట్టాడు. బల్ల మూల సంచిలోకి పోవలసిన బంతి గడ్డికి తట్టుకుని ఆగిపోయింది.

"గడ్డి కొయ్యలేదేంది?" కసిరాడు రామచంద్రం.

లింగమూర్తి బల్ల దగ్గరికొచ్చాడు. "పోయినసారి మీ కోటు చెయ్యి బంతికి తగిలింది పటేలా. నేను చూసిన. మా ఊరోడని చెప్పకపోతి."

అందరూ రామచంద్రం వైపు చూశారు. అతను కోటు విప్పి కుర్చీ మీద వేశాడు. "తగిలింది, నాకు ఎరుకే," అన్నాడు.

వీరేశం వంతు వచ్చింది. నల్లబంతిని మెల్లగా సంచిలో వేశాడు. చప్పట్లు మోగాయి. అతను లింగమూర్తి దగ్గరికొచ్చాడు.

"రెండేండ్లు రాళ్లు కొట్టిన లింగన్నా. ఒక్క మాట, అంతే కదనే."



వీరేశం బొంబాయి రైలెక్కిన రోజు బల్ల నున్నగా ఉంది. లింగమూర్తి అలవాటుగా కత్తెర తీసి, కోయడానికేమీ లేక, ఆ చుక్క దగ్గర చాలాసేపు చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.