అమ్వాజ్‌లో న్యూజిలాండ్ రాత్రి

న్యూజిలాండ్ కొండల్లో ఒక పెద్దమనిషి నిద్రమత్తు లేకుండా దుప్పిని గురిపెట్టాలంటే, బహ్రెయిన్‌లో ఒక వంటమనిషి తన నిద్ర ఎందుకు మానుకోవాలి? ఈ ప్రశ్న జయకర్‌ను ఎవరూ అడగలేదు. అమ్వాజ్ దీవిలో, సముద్రం వైపు నాలుగో అంతస్తు ఫ్లాటులో, మార్తమ్మ జవాబు దొరకకుండానే అతనికి రాత్రి భోజనం వండుతోంది. బయట ఉదయం తొమ్మిదయింది.

జయకర్ చెడ్డవాడని ఎవరూ అనరు. దీవిలోని భవనాలకు లిఫ్టులూ ఏసీలూ బాగుచేసే కంపెనీ అతనిది. మహూజ్‌లో ప్రతి శుక్రవారం కూడే తెలుగు క్రైస్తవ సహవాసంలో అతను సంఘపెద్ద. గొంతు పెంచి మాట్లాడడం ఎరుగడు. వేట ఒక్కటే అతని సరదా. స్వదేశంలో అది నేరం కనుక, తుపాకీ చేతికిచ్చి కొండ చూపించే దేశాలకు ఏడాదికొకసారి వెళ్తాడు. కిందటేడు కెనడా వెళ్ళాడు. గుర్రమంత దుప్పి కోసం వేకువనే మాటు వేసి, మాటులోనే నిద్రపోయాడు. గైడు భుజం పట్టి కుదిపేసరికి ఆ జంతువు రావడమూ, నీళ్ళు తాగడమూ, వెళ్ళిపోవడమూ అయిపోయాయి. అతను గురక పెడుతుండగా తోటి వేటగాళ్ళు తీసిన వీడియో ఇప్పటికీ వాళ్ళలో వాళ్ళు పంపుకుంటూనే ఉన్నారు. సముద్రాలు దాటి వెళ్ళిన శరీరం కొన్నాళ్ళపాటు పాత ఊరి గడియారాన్నే పట్టుకు వేలాడుతుందనీ, దాన్నే జెట్‌లాగ్ అంటారనీ, బయలుదేరకముందే నిద్రాహారాలను కొత్త ఊరి వేళలకు మళ్ళిస్తే ఆ బెడద ఉండదనీ అతను తర్వాత చదివి తెలుసుకున్నాడు.

చదివినదాన్ని తన శరీరంతో సరిపెట్టలేదు. ఇంటి మీద అమలు చేశాడు.

మగ దుప్పులు జత కోసం కొండలదిరేలా అరిచే కాలం న్యూజిలాండ్‌లో దగ్గరపడుతోంది. ఆ దేశం బహ్రెయిన్‌కు పది గంటలు ముందుంటుంది. జయకర్ రోజుకు కొంత చొప్పున తన వేళలు జరుపుకుంటూ వచ్చి, ప్రయాణం ఇంకా వారం ఉందనగానే పూర్తిగా అక్కడి మనిషైపోయాడు. హాలు గడియారం, వంటింటి గడియారం ముందుకు తిప్పాడు. గదులన్నిటికీ మందపాటి నల్లని తెరలు వేయించాడు. వంటింటి కిటికీకి తెర కుదరక, రొట్టెలు చుట్టే సిల్వర్ ఫాయిల్ అద్దానికి అతికించి అంచులకు టేపు వేయించాడు. బహ్రెయిన్‌లో చీకటి పడ్డాక అతను నిద్ర లేస్తే మార్తమ్మ “గుడ్ మార్నింగ్ సార్” అనాలి. మిట్టమధ్యాహ్నం అతను పడుకోబోతే “గుడ్ నైట్ సార్” అనాలి.

“అలవాటు ముందు నోటికి రావాలి మార్తమ్మా,” అని అతను బోధించాడు. “ఒళ్ళు తర్వాత అదే నేర్చుకుంటుంది.”

అతని భార్య రెబెకా మాత్రం ఏమీ మార్చుకోలేదు. ఆమె వేటకు పోదు, ఆమెకు బ్యాంకు ఉద్యోగం ఉంది. పడకగది భర్తకు వదిలి, పక్కగదిలో బహ్రెయిన్ రాత్రే నిద్రపోయేది, బహ్రెయిన్ పొద్దుటే టిఫిన్ అడిగేది. కనుక ఆ ఇంట్లో రెండు పగళ్ళు, రెండు రాత్రులు ఏర్పడ్డాయి. రెండు పగళ్ళకూ వంటమనిషి ఒక్కతే. ఒకరి రాత్రి మొదలయ్యేసరికి ఇంకొకరి పొద్దు పొడిచేది. నడుమ దొరికే మధ్యాహ్నాలు బట్టలకూ, ఇల్లు తుడవడానికీ పోయేవి. ఆమెకంటూ రాత్రి మిగల్లేదు. ఈ సంగతి భార్యాభర్తలిద్దరికీ తట్టలేదు. అతను మేలుకుని ఉన్నంతసేపు మార్తమ్మ మేలుకుని ఉండడం అతను చూశాడు, తను మేలుకుని ఉన్నంతసేపు ఆమె మేలుకుని ఉండడం రెబెకా చూసింది. పనిమనిషి మేలుకుని ఉండడంలో ఇద్దరికీ వింతేమీ కనబడలేదు.

మార్తమ్మ ఫ్రిజ్‌కు వీపు ఆనించి నిలబడే కునుకు తీయడం నేర్చుకుంది. పప్పులో ఉప్పు ఒకటికి రెండుసార్లు వేసింది. ఆకలి వేయాల్సిన వేళకు వేసేది కాదు. జయకర్ తప్పించుకోవాలని చూస్తున్న ఆ బడలిక, ఎక్కడికీ ప్రయాణం చేయని మనిషికి వచ్చింది.

ఆమె అంతా ఓర్చుకున్నది ఒక్క శుక్రవారం కోసం. ఆమె భర్త బెన్‌హర్ నువైద్రాత్ దగ్గర క్యాంపులో ఉంటూ పైపులైను పని చేసేవాడు. ఆలుమగలిద్దరూ రాజోలు వైపు నుంచి వచ్చి, చిన్న దేశంలో చెరో మూలన ఉంటూ, శుక్రవారం ఆరాధనలో కలుసుకునేవారు. అందరూ భోజనాలకు లేచాక మెట్ల మీద కూర్చుని మాట్లాడుకునేవారు. వాళ్ళ కాపురం ఆ మెట్ల మీదే సాగింది. ఇప్పుడు బెన్‌హర్ కంపెనీ పని అయిపోయింది, వీసా రద్దయింది. ఈ శుక్రవారం సాయంత్రపు విమానానికి అతను ఇంటికి వెళ్ళిపోతున్నాడు. మార్తమ్మ ఒప్పందం తీరడానికి ఇంకా రెండేళ్ళుంది. వెళ్ళేలోపు అతన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలి. ఆమె కోరినది అంతే.

బుధవారం రెబెకాను అడిగింది.

“సెలవు ఇవ్వనని నేనెప్పుడైనా అన్నానా?” అంది రెబెకా, చెవిపోగు పెట్టుకుంటూ. “కాకపోతే ఆరాధన టైముకి ఆయన డిన్నరు కదా. నువ్వు నాతో వచ్చేస్తే ఎవరు పెడతారు?”

“చల్లారినా పర్లేదంటే వండేసి మూతెట్టి వచ్చేత్తానండి.”

“చల్లారింది తింటే నిద్ర పట్టదంటారు. ఆయన సంగతి తెలుసుగా. ఒక పని చెయ్యి. ఆయన తిని పడుకోబోయే ముందు చెప్పి, కిందికి వెళ్ళు. బెన్‌హర్‌ని ఇటే రమ్మను. ఎయిర్‌పోర్టు మనకి దగ్గరే కదా.”

అది న్యాయంగానే తోచింది. మార్తమ్మ బెన్‌హర్‌కు ఫోన్ చేసి, ఆరాధన కాగానే సామానుతో ఇటు రమ్మని చెప్పింది. పెట్టెలో అడుగునున్న గులాబీరంగు చీర తీసి ఇస్త్రీ చేసుకుంది.

శుక్రవారం రెబెకా ఆరాధనకు వెళ్ళిపోయింది. మార్తమ్మ జయకర్‌కు దీపాల వెలుతురులో రాత్రి భోజనం వడ్డించి, గిన్నెలు కడిగి, చీర మార్చుకుని హాల్లోకి వచ్చింది. జయకర్ వీధి తలుపుకు తాళం వేసి, పక్కనున్న అలారం మీటలు నొక్కుతున్నాడు. ఏ గృహస్థయినా రాత్రిపూట చేసే పని అతను శ్రద్ధగా చేస్తున్నాడు.

“సార్, ఓ పావుగంట కిందికెళ్ళి వచ్చేత్తానండి. మా ఆయనొత్తన్నాడు. మేడంగారికి చెప్పానండి.”

“ఇప్పుడా?” అతను గోడ గడియారం వైపు చూశాడు. “పది కావస్తోంది. రాత్రి పదింటికి కిందికి ఏం వెళ్తావు మార్తమ్మా?”

“పన్నెండవుతోందండి. మిట్టమధ్యాహ్నం.”

“అక్కడే వస్తోంది చిక్కు. నువ్వు అలా అనుకున్నావంటే నాకూ అలాగే అనిపిస్తుంది. వారం రోజుల కష్టం.” అతను విసుక్కోలేదు, నచ్చజెప్పాడు. “తలుపు తీస్తే వరండాలోంచి ఎండ సూటిగా హాల్లో పడుతుంది. కంట్లో కాస్త పగటి వెలుతురు పడినా ఒళ్ళు మళ్ళీ మొదటికొస్తుంది. డాక్టర్లు రాశారు, నా మాట కాదు.”

“మీరు గదిలోకెళ్ళి తలుపేసుకున్నాక వెళ్తానండి. నిమ్మళంగా వేసేత్తాను.”

“మళ్ళీ లోపలికి ఎలా వస్తావు? తాళంచెవి నా దగ్గరొకటి, మేడం దగ్గరొకటి. తాళం తీసి పెట్టి ఎలా పడుకోను? అలారం ఉండనే ఉంది.”

“తాళంచెవి నాకిత్తే బయట నుంచి వేసుకెళ్తానండి.”

జయకర్ ఆ మాట విననట్టే అలారం మీద చివరి మీట నొక్కాడు. ఆ ఇంట్లో ఎన్నడూ వినని మాట అది. “సోమవారం నేను విమానం ఎక్కేస్తాను,” అన్నాడు. “మంగళవారం నీకు రోజంతా సెలవు. అప్పుడు తీరిగ్గా కలుసుకోండి.”

“ఆయన ఈయాళే వెళ్ళిపోతన్నాడండి. ఖలాస్ చేసేసారు. మళ్ళీ రాడు.”

“అయ్యో, ఇవాళేనా?” అతని ముఖంలో నిజమైన జాలి కనిపించింది. “ముందే చెప్పి ఉంటే ప్రణాళికలో ఏదైనా చూసేవాణ్ణి. రా, ప్రార్థన చేద్దాం.”

చీకటి హాల్లో అతను కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. బెన్‌హర్ ప్రయాణం సుఖంగా జరగాలనీ, ఆ దంపతుల మధ్య ఎడబాటును దేవుడు తన సన్నిధితో నింపాలనీ నెమ్మదిగా, చక్కని మాటలతో వేడుకున్నాడు. మార్తమ్మ ఆమెన్ అంది. అనకపోవడం ఆమెకు రాదు. అతను తాళంచెవి పైజమా జేబులో వేసుకుని పడకగదిలోకి వెళ్ళాడు. “గుడ్ నైట్ మార్తమ్మా,” అని గుమ్మంలో ఆగి, జవాబు వచ్చేదాకా నిలబడ్డాడు.

“గుడ్ నైట్ సార్.”

వంటింట్లోకి వచ్చి ఆమె తలుపు దగ్గరగా వేసుకుంది. ఫోన్ మోగకుండా వణికింది.

“ఏటే, ఎంతసేపు? కింద కారు పక్కన నిలబడ్డాను. మాడు పేలిపోతంది,” అన్నాడు బెన్‌హర్.

“రాలేనయ్యా. తాళమేసేసారు.”

“పట్టపగలు తాళమేటే?”

“ఇక్కడ రాత్రంట.”

అతను నవ్వాడు. “నీ దొరకి దుప్పులు అక్కడెక్కడో ఎందుకే. ఇంట్లో ఒకదాన్ని బోనులో ఎట్టుకుని, మళ్ళీ విమానం ఖర్చు దండగ.” అంతలోనే నవ్వు తగ్గించాడు. “ఆరాధనలో ఏమైందో తెలుసా? నన్ను ముందుకు పిలిచి వీడ్కోలు ప్రార్థన చేసేరు. పాస్టరుగారు, నీ భార్య ఏదయ్యా, పక్కన నిలబడాలి కదా అన్నారు. మీ మేడంగారు లేచి, మార్తమ్మకి నైట్ డ్యూటీ అండి, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుందాం అంది. అందరూ చేసుకున్నారులే. ఆవిడ ఇంకా అక్కడే, భోజనాల దగ్గరుంది.”

“నువ్వొక్కడివే నిలబడ్డావా?”

“లేదు, పక్కన మైకు స్టాండు ఉంది. నీకంటే సన్నం.”

మార్తమ్మ కిటికీ దగ్గరకు వెళ్ళింది. టేపు కొస గోటితో లేపి లాగింది. ఫాయిల్ కరకరమంటూ ఊడింది. ఎండ గట్టు మీదా, గిన్నెల మీదా, ఆమె చేతుల మీదా పడింది. రోజుల తరబడి చూడని ఎండకు కళ్ళు నీళ్ళు కారాయి. తుడుచుకుని చూస్తే కింద, తెల్లని కారు పక్కన, ఇంత చిన్న మనిషి. తలపైన చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ వెతుకుతున్నాడు.

“నాలుగో అంతస్తు. ఎడమ వైపు,” అందామె.

“కనపడ్డం లేదే. అద్దాలన్నీ మెరుస్తన్నాయి. చెయ్యి ఊపు.”

ఆమె ఊపింది. తర్వాత పక్కనున్న పెద్ద స్టీలు గిన్నె మూత తీసి, ఎండలో అటూ ఇటూ తిప్పింది.

“ఏదో మెరుస్తంది. నువ్వేనా?”

“నేనే.”

“సరే అయితే,” అన్నాడు. “చూసేసినట్టే. గులాబీ చీర కట్టుకున్నావా?”

“ఆఁ.”

“బావుంది.” అతనికి కనబడలేదని ఇద్దరికీ తెలుసు. కారులో ఎవరో యల్లా, యల్లా అని తొందర పెట్టారు. బెన్‌హర్ చెయ్యెత్తి, ఎటు ఊపాలో తెలియక భవనం మొత్తానికీ ఊపాడు. కారు వంతెన వైపు తిరిగి కనుమరుగైంది.

మార్తమ్మ ఫాయిల్ మళ్ళీ అతికించలేదు. వంటింటి తలుపు బార్లా తీసింది. ఎండ నడవా దాటి పడకగది గుమ్మం దాకా సాగింది. హాల్లోకి వెళ్ళి అక్కడి తెరలు కూడా ఒక్కొక్కటే పక్కకు లాగింది. ఉంగరాలు కడ్డీ మీద గలగలలాడాయి. ఆ చప్పుడుకు జయకర్ లేచి, ముంజేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చాడు.

“ఏమిటిది? మూసెయ్. ముందు మూసెయ్.”

“మూయనండి.”

అతనే ఒక తెర మూశాడు. ఆమె తెరిచింది. అతను మళ్ళీ దాని మీద చెయ్యి వేయలేదు. ఆమె అంత దగ్గరగా నిలబడి ఉండడం అతను ఎన్నడూ ఎరుగడు.

“బెన్‌హర్ వెళ్ళిపోయాడా?”

“వెళ్ళిపోయాడండి.”

“మరి ఇంకెందుకు ఇదంతా?”

“తాళంచెవి ఇవ్వండి.”

“ఇప్పుడు ఎక్కడికి వెళ్తావు?”

“ఎక్కడికీ వెళ్ళనండి. ఇవ్వండి.”

జయకర్ నిజంగానే ఆలోచించాడు. ఎక్కడికీ వెళ్ళని మనిషికి తాళంచెవి ఎందుకో అతనికి బోధపడలేదు. “పొద్దున మాట్లాడుకుందాం,” అన్నాడు. వెలుతురుకు వీపు పెట్టి గదిలోకి వెళ్ళి, తలుపు మూసుకుని, లోపల గడియ వేసుకున్నాడు. మార్తమ్మ హాలు మధ్యలో, ఎండలో, సోఫాలో కూర్చుంది. ఆ సోఫాలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. వీధి తలుపు తాళం వేసినట్టే ఉంది.

చదువుతున్న మీరు లేవండి. మీ ఇంట్లో వండి పెట్టి, మీ ఇంట్లోనే పడుకునే మనిషి చేతిలో మీ వీధి తలుపు తాళంచెవి ఇవాళే పెట్టండి. ఎక్కడికి వెళ్తావని అడగకండి.