సంసోను పళ్లెం

“కార్జం కొంచెమే వెయ్యి రత్తయ్యా. నిన్న ఎక్కువై కడుపు జారింది.”

కటిక రత్తయ్య కత్తి ఎత్తేలోగా, అటుగా పోతున్న గుమస్తా శోభనాద్రి సైకిలు ఆపి, చెవి దగ్గర అరచెయ్యి దొప్పగా పెట్టుకున్నాడు.

“కార్యమా? ఈ వయసులో నీకు కార్యమేమిటోయ్ జ్ఞానయ్యా?”

పేరులోనే శోభనం పెట్టుకు తిరిగే మనిషికి కార్జం కార్యంగా వినపడటంలో వింత లేదు. జ్ఞానయ్య సరిదిద్దబోయాడు గాని సైకిలు అప్పటికే మలుపు తిరిగిపోయింది. ఇక ఈ కబురు తనకంటే ముందే గోడౌనుకు చేరుతుంది. చేరనీ అనుకున్నాడు.

“మావా, పెళ్లికూతురికి మూతినిండా మీసాలని చెప్పొద్దూ!” అని నవ్వుతూ రత్తయ్య గుండెకాయ ముక్కలు, మెడ బొమికలు, రవ్వంత కార్జం ఆకులో చుట్టి ఇచ్చాడు.

మీసాలది జ్ఞానయ్య పెంచే ముంగిస. పేరు సంసోను.

బందరు కాలవ గట్టున, గోడలు కుంగి పేరులోని డౌనును సార్థకం చేసుకున్న ధాన్యం గోడౌను ఒకటుంది. దానికి జ్ఞానయ్య కాపలాదారు. కాపలాయే గాని కాపురం ఎరగడు. చెల్లెలు ప్రేమమ్మ వెనక వీధిలో ఉంటుంది. ఆదివారం చర్చి అయ్యాక ఆమె ఇంట్లో భోంచేస్తాడు. పొట్టి మనిషి. భుజం మీద ఎప్పుడూ పొట్టు, కనుబొమల్లో ధూళి. అతను సెలవు పెట్టిన రోజును ఎవరూ ఎరగరు. అతను వచ్చిన రోజును మాత్రం ఎవరు గమనించారు గనక!

సంసోను పిల్లగా దొరికినప్పుడు హమాలీలు ముద్దుకొద్దీ పాలన్నం పెట్టి పెంచారు. ముద్దు మిగిలింది గాని కాళ్లు వంకరపోయాయి. వట్టి మెత్తని మాంసం పెట్టి చూసినా లాభం లేకపోయింది. చివరికి జ్ఞానయ్య బొమికలు దంచి కలిపాడు. గిలకలదిండి నుంచి వచ్చే చిన్న చేపల్ని తలతో సహా పచ్చివే వేశాడు. అప్పుడప్పుడూ గుడ్డు కొట్టి పోశాడు. నెమ్మదిగా కాళ్లు నిలబడ్డాయి. ఇంత చేసినా అది ఎలుకల్ని పట్టకుండా ఉండదు. అదే అతని భయం. శోభనాద్రి బస్తాల సందుల్లో ఎలుకల మందు పెట్టిస్తాడు. మందు తిన్న ఎలుకను తింటే సంసోను కథ ముగుస్తుంది. అందుకే మందు కంటే ముందు మాంసం పడాలి. కడుపు నిండితే అది పెట్టెలో పడుకుంటుంది. ఆకలేస్తే ఏ పెట్టే దాన్ని ఆపలేదు, మూత కొరికి బయటపడుతుంది.

గోడౌనుకు చేరగానే హమాలీలు చుట్టుముట్టారు.

“పెళ్లి భోజనం ఎప్పుడు బాబాయ్?”

“పెళ్లికూతురిది గుడివాడంట గదా?”

“దివిసీమనుకున్నానే నేను!”

జ్ఞానయ్య నవ్వి ఊరుకున్నాడు. తన గురించి నలుగురు మాట్లాడుకోవడం ఇదే మొదలు, ఎందుకు చెడగొట్టాలి? కొత్త తూకాలు వచ్చాక మూల పడిన వీశె గుండుతో బొమికలు దంచి, సత్తు పళ్లెంలో సర్దాడు. పక్కన తన చద్దన్నం. కళ్లు మూసుకున్నాడు.

“ప్రభువా, మా ఇద్దరి ఆహారాన్ని దీవించు. ఆమేన్.”

అంతవరకూ పళ్లెం అంచున ముందుకాళ్లు ఆనించి నిలబడిన సంసోను అప్పుడు ముట్టింది. ఎలుకలకు ప్రార్థన అక్కర్లేదు గాని పళ్లేనికి కావాలి. అది ఎవరూ నేర్పింది కాదు, చూసి నేర్చుకుంది.

మధ్యాహ్నం బస్తాలు లెక్క చూస్తుంటే ఎడమ భుజం లాగింది. బస్తా తగిలిందనుకున్నాడు. సాయంత్రం శోభనాద్రి కేకేశాడు.

“ఇవాళ అన్ని వరసల్లోనూ మందు పెట్టించానోయ్! నీ సంసోనును జాగ్రత్త చేసుకో!”

“అట్టాగేనండీ గుమస్తా గారూ. దీని తిండి అవగానే పెట్టెలో పెడతా.”

పొద్దున దాచిన కార్జం, గుండెకాయ, బొమికల పొడి పళ్లెంలో వేశాడు. చేతులు జోడించి తల వంచాడు.

పొద్దు వాలుతుండగా శోభనాద్రి తాళాల కోసం వచ్చాడు. “ఏమోయ్ పెళ్లికొడుకా!” అన్నాడు. జ్ఞానయ్య పలకలేదు. తనకే వినపడలేదేమోనని దగ్గరికి వెళ్లాడు. భుజం తట్టాడు. ఆ తర్వాత చెయ్యి చప్పున వెనక్కి తీసుకున్నాడు.

హమాలీలు వచ్చారు. ప్రేమమ్మ పరుగున వచ్చింది. సంసోను మాత్రం పళ్లెం అంచున కాళ్లు పెట్టుకుని, ముక్కు ఎగబీలుస్తూ నిలబడే ఉంది. మూతి నుంచి జొల్లు కారుతోంది. ముక్క ముట్టలేదు.

“ఎంత విశ్వాసమో చూడండయ్యా,” అన్నాడొక హమాలీ. “దుఃఖంతో తినట్లా.”

ఇంకొకడు దానికి దండం పెట్టాడు. శోభనాద్రికి దండం మీద ధ్యాస లేదు. రాత్రికి ఆకలేస్తే అది పోయేది తను మందు పెట్టించిన వరసల్లోకే. వంగి ముక్క తీసి మూతికి అందించాడు.

“తినవే తల్లీ... తినరా నాయనా... అవునూ, ఇదేమిటి? కార్జమా! పొద్దున నువ్వడిగింది కార్జమా జ్ఞానయ్యా? నేను కార్యమని ఊరంతా చాటానే!”

ప్రేమమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

“దుఃఖం కాదండీ అది. మా అన్నయ్య ప్రార్థన చేసి ఆమేన్ అంటేగానీ అది ముట్టదు. మధ్యలోనే...”

అందరూ జ్ఞానయ్య జోడించిన చేతుల వంక చూశారు. ప్రేమమ్మ అనబోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏమనాలమ్మా?” శోభనాద్రి చెవి దగ్గర దొప్ప పెట్టుకున్నాడు. “గట్టిగా చెప్పు. ఇది తప్పు వినకూడదు.”

ఆమె చెప్పింది. అతను తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, గోడౌను చూరు అదిరేలా అరిచాడు.

“ఆమేన్!”

సంసోను తల వంచి తినసాగింది. ముందు కార్జం, తర్వాత గుండెకాయ, ఆఖరుకు బొమికల పొడి. అయ్యాక పళ్లెం నాకి, పెట్టెలోకి దూరింది. శోభనాద్రి మూత వేసి, పైన వీశె గుండు పెట్టాడు.

జ్ఞానయ్యను నలుగురూ ఎత్తుకున్నారు. అతను కూర్చున్న చోట సత్తు పళ్లెం మిగిలింది, ముందుకాళ్లు ఆనించే చోట అంచు అరిగి.