లోతు రిమ్ములు

పళ్ల డాక్టరు దగ్గర కట్టుడు పళ్లు తయారుచేసే ఆమెను ఇంట్లో అందరూ పిచ్చుక అనేవారు. ముప్పై దాటినా ఒళ్లు చేయలేదు, ఆ పేరూ పోలేదు. ఆమెకు సైకిలు పందేల పిచ్చి అంటించింది వదిన. పెళ్లయి వచ్చిన ఏడాదే తన పాత రేసు సైకిలు ఆడపడుచు చేతిలో పెట్టి, మలుపులో ఎటు ఒరగాలో, ఎత్తులో ఊపిరి ఎలా దాచుకోవాలో దగ్గరుండి నేర్పింది. ఆరేళ్లుగా ఆదివారం పొద్దున్నే ఇద్దరూ కలిసే బయల్దేరేవారు. ఏటా జరిగే పందెంలో మాత్రం రెండేళ్లుగా పిచ్చుకే ముందు.

ఈసారి చక్రాలు మార్చాలనుకుంది. షాపులో రెండు రకాలు చూపించారు. సన్న రిమ్ములవి తేలిక, కొండ ఎక్కడానికి బాగుంటాయి. నాలుగు వేళ్ల లోతు రిమ్ములవి చదును రోడ్డు మీద గాలిని కోసుకుంటూ పోతాయి. కానీ పక్కగాలి కొడితే తెరచాపలైపోతాయని, బక్కపలచని మనిషికి హ్యాండిలు నిలవదని మెకానిక్ చెప్పాడు.

ఏవి తీసుకోవాలన్నా దారి తెలియాలి, చదునుగా సాగే కాలువ రోడ్డో, కొండ రోడ్డో. అది పందెం రోజు పొద్దుటిదాకా చెప్పరు. దారి నిర్ణయించే ముగ్గురి కమిటీలో అన్నయ్య ఒకడు. అతని నోట్లోంచి మాట రాలడం ఎవరూ చూడలేదు.

ఆ వారమే వదిన గొంతు తగ్గించి చెప్పింది. "ఈసారీ కాలువ రోడ్డే. మీ అన్నయ్య నోరు జారాడు. లోతువే తీసుకో, నేనూ అవే కొంటున్నా."

వినకూడని మాట విన్నట్టు పిచ్చుక మనసు కాస్త పీకింది. అయినా కాదనలేదు. లోతువే తెచ్చి అన్నయ్య ఇంటి వరండాలో బిగించుకుంది. బిగిస్తున్నంతసేపూ సైకిలు పట్టుకున్నది అన్నయ్యే.

పందెం రోజు బోర్డు మీద అంటించిన దారి కొండ రోడ్డు. పిచ్చుక వెనక్కి తిరిగి చూసింది. వదిన సైకిలుకు సన్న రిమ్ములున్నాయి. వదిన వంగి బూటు లేసు కట్టుకుంటోంది. చాలాసేపు కట్టుకుంది.

ఎక్కడం ఎలాగో ఎక్కింది. కొండ మీద గాలి పక్కనుంచి తోసింది, సైకిలు రోడ్డు అంచుదాకా జరిగింది. రెండుసార్లు తట్టుకుంది. మూడోసారి దిగి, ఆ మలుపు నడిచి దాటింది. ఆమె చేరేసరికి వదిన మెడలో పతకం ఉంది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది ఆమె పని. వదినను ఏమీ అడగలేదు. అన్నయ్యను అడిగింది, వదినకు అసలు దారి చెప్పావా అని.

"చెప్పాను," అన్నాడు. "ఒక్కసారైనా గెలవాలని ఏడ్చింది రా."

"నేను ఆ చక్రాలు బిగిస్తుంటే చూస్తూనే ఉన్నావుగా."

వదిన చేసింది ఒక గాయం. అన్నయ్య చూస్తూ ఊరుకున్నది దానికంటే లోపలికి దిగింది. గాలికి ఎగిరిపోయే పిల్లవని చిన్నప్పుడు ఆ పేరు పెట్టింది అతనే.

మర్నాడు కమిటీ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. దొంగమాట తానూ విన్నానని, దాన్ని నమ్ముకునే చక్రాలు కొన్నానని అదీ దాచలేదు. వదిన పతకం వెనక్కి తీసుకున్నారు. అన్నయ్యను కమిటీలోంచి తీసేశారు. ఆడవాళ్లిద్దరినీ రెండేళ్లు పందేలకు రావద్దన్నారు. ఇంటి గుట్టు రచ్చకెక్కించావని అమ్మ నెలరోజులు మాట్లాడలేదు.

పందెం తర్వాతి ఆదివారం పిచ్చుక ఒక్కతే కాలువ రోడ్డు మీదికి వెళ్లింది. గాలి లేదు. చక్రాలు సన్నగా ఈల వేస్తూ పరుగెత్తాయి, ఎన్నడూ లేని వేగం వచ్చింది. నిజంగానే మంచి చక్రాలు. ఆ మాట అనబోయి అలవాటుగా పక్కకు తిరిగింది. పక్కన రోడ్డు ఖాళీగా ఉంది. ముందుకు తిరిగి, ఇంకాస్త గట్టిగా తొక్కింది.