తొమ్మిదో చిటపట

పదకొండు గంటలకు వస్తానని బేకరీ పిన్ని కబురు పెట్టింది. తొమ్మిదిన్నర నుంచే చిన్నదానికి కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోంచి వీధి గదిలోకి, వీధి గదిలోంచి వంటింట్లోకి తిరుగుతోంది. గడియారం చూసి నాలుగడుగులు వేస్తుంది, మళ్లీ వెనక్కి వచ్చి అదే గడియారం చూస్తుంది.

"బొంగరం మింగావా ఏంటే?" అన్నాడు అన్న, చెప్పులు వేసుకుంటూ. వాడిది కరెంటు పని. భుజాన వైర్ల చుట్ట వేలాడుతోంది. "కాస్త కూర్చో గుసగుసమ్మా. నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి."

చిన్నది తల దించుకుని ఏదో అంది.

"చూశావా అమ్మా, గొంతులోనే మాట్లాడి గొంతులోనే మింగేసింది" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

అమ్మ నవ్వలేదు. ఈ మధ్య ఆ ఇంట్లో సాసు మాటెత్తితే అమ్మ మొహం ముడుచుకుపోతోంది.

అమ్మ ఈ పని మొదలుపెట్టి నాలుగేళ్లయింది. అంతకుముందు పన్నెండేళ్లు బట్టల మిల్లులో మరమగ్గాల మధ్య నిలబడింది. మిల్లు మూతపడ్డాక వంటింట్లో చిన్న రోలు ముందు కూర్చుంది. కొత్తిమీర, పుదీనా, వేయించిన గుమ్మడి గింజల పప్పు, వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసం, నూనె. సరుకు ఇంతే. రోజుకు ఆరు సీసాలు బేకరీకి వెళ్లేవి. బేకరీ పిన్ని బన్ను కోసి, లోపల ఆ పచ్చ సాసు రాసి అమ్మేది. జనం వచ్చేది బన్ను కోసం కాదు, తన సాసు కోసమేనని అమ్మకు లోపల్లోపల గర్వం.

అలాంటిది పదిహేను రోజుల్లో రెండుసార్లు సీసాలు తిరిగొచ్చాయి. చేదుగా ఉన్నాయట. ఇప్పుడు కబురొచ్చింది. "ఈసారి నేనే వచ్చి మీ ఇంట్లోనే రుచి చూస్తాను. బాగుంటే సరే. లేకపోతే ఏమీ అనుకోవద్దు, నేను వేరేచోట చూసుకుంటాను."

మొదటిసారి అమ్మ తప్పంతా ఆకు మీద వేసింది. ముదురాకు అంటగట్టాడని కూరల బండి తాతతో వీధి మలుపు దాకా వినపడేలా పోట్లాడి, వేరే బండి చూసుకుంది. రెండోసారి చిన్నదాని మీద వేసింది. ఆకు కడిగి ఆరబెట్టడం చిన్నదాని వంతు. బడికి వెళ్లేలోపు ఆ పని ముగించాలి. "తడి ఆరకుండా తెచ్చి రోట్లో పోశావు. అందుకే పాడైంది" అంది అమ్మ. కాదని చిన్నది చెప్పింది కానీ, నేల చూస్తూ చెప్పింది. "ఏంటీ? తలెత్తి మాట్లాడవే. నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా?" అని అమ్మ ఇంకో నాలుగు అంటించింది. ఆ రోజు నుంచి చిన్నది ప్రతి ఆకునీ పసిపిల్ల చెంప తుడిచినట్టు గుడ్డతో అద్దుతోంది.

ఇంత జరుగుతున్నా అమ్మ మాత్రం చేసేటప్పుడు రుచి చూడదు. "రుచి చూసుకుంటూ చేసేవాళ్లకి చేతి మీద నమ్మకం లేనట్టు" అంటుంది. ఆమె లెక్కంతా చెవిలో ఉంది. గుమ్మడి పప్పు మూకుట్లో పోసి మూత పెడుతుంది. మూత తీస్తే గింజలు ఎగిరి పొయ్యి చుట్టూ పడతాయి. మూత కింద చిటపటలు లెక్కపెట్టి, తొమ్మిదో చిటపటకి దించేస్తుంది. ఎనిమిదికి దించితే పచ్చి. పదికి దించితే చేదు. ఈ సంగతి చిన్నదానికి నాలుగేళ్లుగా తెలుసు. కానీ పప్పు వేయించే వేళకు ఎప్పుడూ బడిలో ఉంటుంది. ఇవాళ సెలవు.

"ఆకు ఆరిందా?" అంది అమ్మ, వెల్లుల్లి దంచుతూ.

చిన్నది తలూపింది. అమ్మ పొయ్యి వెలిగించి, మూకుట్లో పప్పు పోసి, మూత పెట్టింది. కుడిచేతిని మూత మీద ఉంచి, ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని వేళ్లు మడవడానికి సిద్ధంగా నిలబడింది. చిన్నది వెనక పీట మీద కూర్చుంది. కూర్చుంది కానీ, మోకాలు ఊగుతూనే ఉంది.

టప్. ఒకటి, అనుకుంది చిన్నది. అమ్మ వేలు మడవలేదు.

టప్. టప్. రెండు, మూడు. అమ్మ వేళ్లు చాచినట్టే ఉన్నాయి.

నాలుగోది గట్టిగా పేలింది. అమ్మ చిటికెనవేలు మడిచింది.

చిన్నదాని మోకాలు ఆగిపోయింది. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిది. అమ్మకి ఇంకా రెండు వేళ్లే మడిచి ఉన్నాయి.

"అమ్మా, దించు" అంది.

అమ్మ కదల్లేదు. మూత కింద గింజలు దడదడమంటున్నాయి. "అమ్మా, చాలు, దించేయి." అమ్మ వీపు అలాగే ఉంది. వెల్లుల్లి ఘాటు కింద నుంచి ఇంకో వాసన వస్తోంది. మాడిన వాసన కాదు, మాడబోయే వాసన.

 ఎందుకు అందో చిన్నదానికే తెలీదు, ఉన్నచోటే కూర్చుని, "అమ్మా, నేను రేపటి నుంచి బడి మానేస్తున్నా" అంది.

బడి మానే మాట ఎత్తితే చాలు, అట్లకాడతో వెంటపడే మనిషి. కనీసం తల కూడా తిప్పలేదు.

అయిదు వేళ్లూ ఒక చుట్టు అయ్యాక, రెండో చుట్టులో నాలుగో వేలు మడిచి అమ్మ పొయ్యి కట్టేసింది. "సరిగ్గా తొమ్మిది" అంటూ తృప్తిగా పప్పు పళ్లెంలో ఒంపింది. చిన్నది ఒక గింజ నోట్లో వేసుకుంది. చేదు.

అప్పుడు అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తుకొచ్చాయి. మిల్లులో మగ్గాల హోరుకి మాట వినపడేది కాదని, ఆడవాళ్లంతా ఒకరి పెదాలు ఒకరు చూసి మాట్లాడుకునేవాళ్లని అమ్మే చెప్పేది. ఇప్పటికీ ఎవరు మాట్లాడినా అమ్మ వాళ్ల మొహంలోకే చూస్తుంది. ఎంత శ్రద్ధగా వింటుందో అని అందరూ మెచ్చుకుంటారు. ఆ శ్రద్ధకి అందనిది ఇంట్లో తనొక్కతే. తల దించుకుని మాట్లాడేది తనే కదా. ఇన్నాళ్లూ తప్పంతా తన గొంతుదే అనుకుంది.

గడియారం పదింబావు చూపిస్తోంది. డబ్బాలో ఇంకా రెండు గుప్పిళ్ల పప్పు ఉంది. చిన్నది లేచింది, గుమ్మం దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది. చెబితే అమ్మ ఏమంటుందో. చెప్పకపోతే పదకొండింటికి పిన్ని ఏమంటుందో. చివరికి వెళ్లి అమ్మకూ రోలుకూ మధ్య నిలబడి తలెత్తింది.

"అమ్మా, నీకు గింజలు వినపడట్లేదు."

అమ్మ మొహం ఎర్రబడింది. "ఎవరికే? నాకా? పిడికెడంత లేవు, నాకు చెవుడంటగడతావా?"

"ఇరవై దాకా పేలాయి. నువ్వు తొమ్మిదే లెక్కపెట్టావు. నీ వెనక కూర్చుని బడి మానేస్తానన్నాను. అదీ వినపడలేదు."

"ఏమన్నావు?"

"ఉత్తుత్తినే అన్నాలే. ఇది తిను ముందు."

అమ్మ గింజ నమిలింది. దవడ ఆగింది. గిన్నెలు సర్దుతున్నట్టు రెండు గిన్నెలు అటూ ఇటూ జరిపింది. "మిల్లులో ఉండగానే మొదలైంది" అంది చివరికి. "ఇంతదాకా వచ్చిందని నాకూ తెలీలేదు. చెవిటిదానితో ఎవరు పని చేయించుకుంటారే? అన్నకి చెప్పకు. పిన్నికి అసలే చెప్పకు."

"టైమైపోతోందమ్మా."

అమ్మ పళ్లెంలో పప్పుని చెత్తబుట్టలోకి వంపి, మూకుడు తుడిచి, మళ్లీ పొయ్యి మీద పెట్టింది. డబ్బాలో ఉన్నదంతా పోసింది. మూత పెట్టి, ఎడమ మోచెయ్యి చిన్నదాని వైపు చాచింది. "మిల్లులో దారం తెగితే పక్క మనిషి మోచేతి మీద కొట్టేవాళ్లం. గట్టిగా కొట్టు. మొహమాటపడకు."

టప్. చిన్నది కొట్టింది. టప్. కొట్టింది. మధ్యలో వీధిలో మోటారుసైకిల్ ఒకటి చెవులు చిల్లులు పడేలా పోయింది. చిన్నది ఊపిరి బిగబట్టి మూతకి చెవి ఆనించబోయి వెనక్కి తగ్గింది, కాలుతుందని. ఏడు. ఎనిమిది. ఆగింది. ఇంకా ఆగింది. తొమ్మిదికి ఎంత గట్టిగా కొట్టిందంటే అమ్మ "అబ్బా!" అని మూకుడు దించేసింది.

పప్పు చల్లారేలోపు అమ్మ ఉప్పేసి ఆకు నూరింది. పప్పు చేర్చి కచ్చాపచ్చాగా దంచి, వెల్లుల్లి కలిపి, నూనె, నిమ్మరసం పోసింది. రోకలిబండ ఆగేసరికి తలుపు చప్పుడైంది. పది నిమిషాలు ముందే వచ్చేసింది బేకరీ పిన్ని. అమ్మకి ఆ చప్పుడూ వినపడలేదు. చిన్నది వెళ్లి తీసింది.

పిన్ని తన సంచిలోంచి బన్ను తీసి, తుంచి, చెంచాడు సాసు రాసుకుని నమిలింది. చిన్నది దుపట్టా కొస వేలికి చుడుతూ, విప్పుతూ నిలబడింది.

"ఇదీ నాకు కావల్సిన సాసు!" అంది పిన్ని. "మరి మొన్న రెండుసార్లు ఏమైంది అక్కా? రేపు మళ్లీ చేదొస్తే నేను జనానికి ఏం చెప్పుకోను?"

అమ్మ పిన్ని పెదాలకేసి చూస్తోంది. ఆకు మంచిది కాదనబోతోంది. ఆ మొహం చూస్తే చిన్నదానికి తెలిసిపోయింది. మళ్లీ తాత మీదికో, తన మీదికో పోతుంది మాట. రేపు ఇంకో గింజ మాడుతుంది.

"ఇకనుంచి గింజలు నేను వింటాను" అంది చిన్నది.

పిన్ని చెయ్యి బన్ను మీద ఆగింది. "అరె, దీనికి గొంతుందే! గింజల్ని వినడమేంటమ్మా?"

"ఎన్ని పేలాయో లెక్కపెట్టేది నేను. అమ్మ చెవికి మిల్లు హోరు పట్టుకుంది. చేతికి ఏమీ కాలేదు. రుచి చూశావు కదా పిన్నీ."

 అమ్మ కొంగు పిడికిట్లో బిగించింది. పిన్ని ఆమె వైపు చూసింది, సీసా వైపు చూసింది, మిగిలిన బన్ను ముక్క సాసులో ముంచి నోట్లో పెట్టుకుంది.

"నాకు కావల్సింది సాసు. వినేది తల్లైతే ఏంటి, కూతురైతే ఏంటి?" అంది నములుతూనే. "రేపు ఆరు సీసాలు పంపించు అక్కా."

పిన్ని వెళ్లాక అమ్మ తలుపు వేసి వచ్చింది. చిన్నది గోడకి ఒరిగి, రాబోయే తిట్ల కోసం కాళ్లు మార్చి మార్చి నిలబడింది.

"చెప్పొద్దన్నానా లేదా?"

"అన్నావు."

"రేపు నీకు బడి ఉంది కదే. అప్పుడెవరు వింటారు?"

"బడికి ముందే వేయిద్దాం." అమ్మ చూపు ఇంకా గిన్నెల మీదే ఉంది. చిన్నది ముందుకొచ్చి, మొహం ఎత్తి, గొంతు పెంచి మళ్లీ చెప్పింది. "ఆరింటికే లేపమ్మా! బడికి ముందే వేయిద్దాం!"

"సరేలేవే, అంత గట్టిగా అరవకు. వీధిలో వాళ్లు వింటారు" అంది అమ్మ, మోచెయ్యి రుద్దుకుంటూ.

గట్టిగా అరవకు అని ఆ పిల్లకి పుట్టాక ఎవరైనా చెప్పడం అదే మొదటిసారి.